మెట్లు లేని మేడ మీద తోట

(ధారావాహిక వ్యాసాలు – 17వ భాగం)



పోయిన భాగంలో అసైన్డ్ భూముల గురించి రాశాను. అది చదివి, ఆర్కిటెక్చర్ నాలుగో ఏడు చదువుతున్న ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, ఇంకా ఎన్నేండ్లు మనం భూమి, భూమి అని మొత్తుకుంటాం? ఇప్పుడు మన్ను లేకుండానే పంట పండుతోంది. ముప్పై అంతస్తుల బిల్డింగులకు గోడల పొడుగునా తోటలు పెడుతున్నారు. భూమే అక్కర్లేనప్పుడు ఇక దొర ఎక్కడుంటాడు? వెట్టి ఎక్కడుంటది? ఊరు మనకు నరకమని బాబాసాహెబే చెప్పాడు కదా. సేద్యమే పట్నానికి వస్తుంటే మనం సంతోషపడొద్దా?" అన్నాడు.

మంచి ప్రశ్న. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేల్చే ప్రశ్న కాదు. నగరాల భవిష్యత్తు గురించి జరిగే ప్రతి సెమినార్‌లోనూ ఇప్పుడు ఈ నిలువు సేద్యం బొమ్మ ఒకటి తెర మీద పడుతోంది. ఆకాశాన్ని తాకే అద్దాల మేడ, అంతస్తు అంతస్తుకీ పచ్చదనం, బాల్కనీలో నవ్వుతున్న ఒక కుటుంబం. ఆ బొమ్మలో మనం ఎక్కడున్నామో వెతుకుదాం.

1. మన్ను మీద నాకు మమకారం లేదు

ముందు ఒక మాట తేల్చుకోవాలి. నిలువు సేద్యాన్ని తిట్టేవాళ్లు చాలామంది మట్టి వాసన గురించి మాట్లాడతారు. నేలతల్లి అంటారు. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసిన దాన్ని కాబట్టి ఆ పద్యాలు, పాటలు, కథలు కావలసినన్ని చదివాను. ఇప్పుడు క్లాసులో చెబుతున్నాను కూడా. వాటిలో నాగలి పట్టిన రైతు నిండుగా కనిపిస్తాడు. నాట్లు వేసే ఆడవాళ్లు దూరంగా, వరుసగా, అందంగా వంగి కనిపిస్తారు. వాళ్ల నడుము నొప్పి కనిపించదు. పొద్దుగూకినాక వాళ్ల చేతిలో ఎంత కూలి పెట్టారో అసలే కనిపించదు.

మా అమ్మ నలభై ఏండ్లు పరాయి చేన్లలో కలుపు తీసింది. నేల ఆమెకు తల్లి కాలేదు. నేల పటేలుది. ఆమెకు దక్కింది గట్టు మీద కూర్చుని అన్నం తినే హక్కు మాత్రమే, అదీ కాస్త ఎడంగా. ఇది మా ఒక్క ఇంటి కథ అయితే రాసేదాన్ని కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో సేద్యం మీద బతికే దళితుల్లో పదిమందికి ఏడుగురు కూలీలే. జనాభాలో మనం 16.6 శాతం. 2015–16 వ్యవసాయ గణన చూస్తే మన చేతిలో సాగవుతున్న భూమి తొమ్మిది శాతం లోపే. తెలంగాణలో దళిత కుటుంబానికి మూడెకరాలు అని 2014 ఆగస్టు 15న మొదలైన పథకం ఏడేండ్లు నడిచి సుమారు ఏడు వేల కుటుంబాల దగ్గర ఆగింది.

కాబట్టి మన్ను లేకుండా ఆకు మొలిస్తే నాకు ఏడుపు రాదు. మన్ను పవిత్రమని నేను వాదించబోవడం లేదు. నా తగాదా వేరే చోట ఉంది. ఆ ఆకుకు వెలుతురు ఎవరు ఇస్తున్నారు? నీళ్లు ఎక్కడివి? గోడ ఎవరిది? ఆ గోడకు తాడు కట్టుకుని వేలాడేది ఎవరు? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పాక చేయి కలుపుతాను.

2. ఈ ఆలోచన ఎక్కడ పుట్టింది

1999లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో డిక్సన్ డెస్పొమియే అనే ప్రజారోగ్య ప్రొఫెసర్ క్లాసులో విద్యార్థులు ఒక లెక్క వేశారు. న్యూయార్క్‌లో మన్‌హాటన్ ప్రాంతంలోని డాబాల మీద పంట వేస్తే ఎంతమందికి తిండి పెట్టగలం? జవాబు నూటికి ఇద్దరు అని వచ్చింది. డాబాలు చాలకపోతే పంటను మేడ లోపలికే తీసుకుపోయి అంతస్తుల మీద అంతస్తులు పేర్చుదాం అని ఆయన అన్నాడు. 2010లో ఆయన పుస్తకం వచ్చింది. అక్కడి నుంచి ఆ మాట ప్రపంచమంతా పాకింది.

ఇందులో రెండు వేరు వేరు సంగతులు కలగలిసిపోయాయి. వాటిని విడదీయకపోతే మోసపోతాం.

ఒకటి, మూసేసిన గదిలో పంట. కిటికీ ఉండదు. ఎల్ఈడీ దీపాలే సూర్యుడు. మొక్క వేర్లు ఎరువు కరిగిన నీళ్లలో ఉంటాయి. ఏసీ నడుస్తుంది. ఇది సేద్యం రూపంలో ఉన్న ఫ్యాక్టరీ.

రెండోది, ఇంటి నిర్మాణంలోనే పచ్చదనం. డాబా, బాల్కనీ, గోడ మీద మొక్కలు. దీనికి సూర్యుడు చాలు. మన మిద్దె తోటలు ఈ కోవలోవే.

సెమినార్లలో రెండోదాని అందం చూపించి మొదటిదాని లాభం చెబుతారు. బాల్కనీ తోట బొమ్మ వేసి నగరానికి తిండి పెడతామంటారు. లెక్క చూద్దాం.

3. సూర్యుడికి బిల్లు లేదు, దీపానికి ఉంది

ఎవరి పొలం మీదైనా పడే ఎండకు బిల్లు రాదు. మన చరిత్రలో కులం అడ్డుపెట్టలేకపోయినవాటిలో అదొకటి. అంతస్తు మీద అంతస్తు పేర్చగానే పై అంతస్తు కింది అంతస్తుకు ఎండను మూసేస్తుంది. ఇక ఆ ఎండను కొనుక్కోవాలి.

ఎంతకు? కిలో బియ్యంలో ఉన్న శక్తి సుమారు నాలుగు యూనిట్ల కరెంటుకు సమానం. మొక్క తన మీద పడ్డ వెలుతురులో ఎంత బాగా చూసుకున్నా నూటికి నాలుగైదు పాళ్లకు మించి గింజగా మార్చలేదు. అంటే కిలో బియ్యానికి ఎనభై నుంచి వంద యూనిట్ల వెలుతురు కావాలి. దీపంలో పోయే నష్టం, ఏసీ ఖర్చు ఇంకా కలపనేలేదు. యూనిట్ ఎనిమిది రూపాయలు అనుకోండి. కిలో బియ్యానికి ఒక్క వెలుతురు ఖర్చే ఏడెనిమిది వందలు. రేషన్ షాపు ముందు నిలబడే మనిషికి ఈ లెక్క అర్థం కావడానికి డాక్టరేట్ అక్కర్లేదు.

శాస్త్రవేత్తలకూ ఇది తెలుసు. 2020లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో గోధుమ మీద ఒక పరిశోధన వచ్చింది. పది అంతస్తుల మూసిన గదుల్లో హెక్టారుకు ఏడాదికి 700 టన్నులు పండించవచ్చని, సాంకేతికంగా ఇంకా పైకి వెళ్లవచ్చని అందులో లెక్క కట్టారు. అదే వ్యాసంలో, దీపాల ఖర్చు వల్ల ఇప్పటి ధరల్లో అది గిట్టుబాటు కాదని కూడా రాశారు. సెమినార్లలో మొదటి వాక్యం చదువుతారు. రెండోది చదవరు.

అందుకే ఈ మేడల్లో అన్నం పండదు, పప్పు పండదు. లెట్యూస్ పండుతుంది, బేసిల్ పండుతుంది. లెట్యూస్‌లో నూటికి 95 పాళ్లు నీళ్లే కాబట్టి అది కిట్టుబాటవుతుంది. అదీ అన్నిచోట్లా కాలేదు. న్యూజెర్సీలోని ఏరోఫార్మ్స్ 2023 జూన్‌లో దివాలా పిటిషన్ వేసింది. బవరీ ఫార్మింగ్ 2024 నవంబరులో మూతపడింది. ప్లెంటీ 2025 మార్చిలో దివాలా రక్షణ కోరింది. బెర్లిన్‌లో మొదలైన ఇన్‌ఫార్మ్ 2022 చివర్లో సగానికి పైగా ఉద్యోగులను తీసేసింది. కోట్ల డాలర్ల పెట్టుబడితో కూడా ఆకుకూర అమ్మి నిలబడలేకపోయారు. మన దగ్గర మాత్రం ఆ బొమ్మలు ఇప్పుడే కొత్తగా వేస్తున్నారు.

ఒక న్యాయం చేయాలి. నీళ్ల విషయంలో ఈ పద్ధతికి నిజమైన బలముంది. అవే నీళ్లు తిరిగి తిరిగి వాడతారు కాబట్టి పొలంలో కంటే చాలా తక్కువ సరిపోతాయి. నీళ్లు లేని ఎడారి దేశానికో, తిండిలో తొంభై శాతం పైగా దిగుమతి చేసుకునే సింగపూర్‌కో దీని మీద ఆశ పెట్టుకోవడానికి కారణముంది. సంగారెడ్డి పక్కనే సింగూరు నీళ్లు హైదరాబాద్ నల్లాల్లోకి పోతుంటే చూస్తూ పెరిగినదాన్ని నేను. నీళ్లు ఆదా అయ్యే ఏ పద్ధతినైనా తీసిపారేయను.

కానీ కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో చూడండి. బొగ్గు కరెంటు కాదు, సోలార్ వాడతాం అంటారు. మంచిది. కర్నూలు జిల్లాలో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. దాని కింద సుమారు ఆరు వేల ఎకరాలున్నాయి. అద్దాల మేడలో మొలిచిన ఆ ఆకుకు మన్ను అక్కర్లేదని ఎవరన్నారు? దాని మన్ను పట్నంలో లేదు, అంతే. అది ఎక్కడో మెట్ట ప్రాంతంలో పలకల కింద ఉంది. పెద్ద ప్రాజెక్టులకు వందల ఎకరాలు ఒకచోట కావాలంటే ప్రభుత్వం మొదట చేయి పెట్టేది ఎక్కడో పోయిన భాగంలో రాశాను. అసైన్డ్ భూమిని అమ్ముకోవడానికి 1977 చట్టం మనల్ని ఒప్పుకోదు. వెనక్కి తీసుకోవడానికి మాత్రం ప్రభుత్వానికి ప్రజాప్రయోజనం అన్న ఒక్క మాట సరిపోతుంది. పట్నంలో ఎకరం ఆదా చేశామని సంబరపడేవాళ్లు, ఊర్లో ఎన్ని ఎకరాలు ఎవరి చేతి నుంచి జారిపోయాయో అదే కాగితం మీద రాయాలి.

4. తాడు మీద తోటమాలి

ఇక గోడల సంగతి. ఇటలీలోని మిలాన్ నగరంలో స్తెఫానో బోయెరి అనే ఆర్కిటెక్ట్ కట్టిన జంట మేడలున్నాయి. పేరు బోస్కో వెర్తికాలె, అంటే నిలువు అడవి. 2014లో పూర్తయింది. ఆ బాల్కనీల్లో ఎనిమిది వందల దాకా చెట్లున్నాయి. ఆర్కిటెక్చర్ కాలేజీల్లో ఈ ఫోటో చూడని పిల్లలుండరు. అది తిండి పండించే మేడ కాదు, సంపన్నుల ఫ్లాట్లు. అయినా నగర సేద్యం మీద ఏ ఉపన్యాసమైనా ఆ ఫోటోతోనే మొదలవుతుంది.

ఆ చెట్ల కొమ్మలు ఎవరు కత్తిరిస్తారో తెలుసా? శిక్షణ పొందిన మనుషులు మేడ పైనుంచి తాళ్లతో దిగి, గాలిలో వేలాడుతూ కత్తిరిస్తారు. వాళ్లను ఎగిరే తోటమాలులు అంటారు. అక్కడ అది నైపుణ్యమున్న వృత్తి. దానికి పరికరాలున్నాయి, గౌరవముంది. వాళ్ల ఫోటోలు పత్రికల్లో వేస్తారు.

అదే మేడ హైదరాబాద్‌లో లేచిందనుకోండి. ఆ తాడు ఎవరి నడుముకు ఉంటుంది? ఇప్పుడు అద్దాల మేడలకు బయట వేలాడుతూ అద్దాలు తుడిచేది ఎవరు? అపార్ట్‌మెంట్ల ఎస్టీపీ ట్యాంకుల్లోకి దిగేది ఎవరు? 2013లో చట్టం వచ్చింది. 2014లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2023లో మురుగులో చనిపోయినవాళ్ల కుటుంబాలకు పరిహారం 30 లక్షలు చేయమంది. అయినా పేపర్లో ఆ వార్త ఆగడం లేదు, ఆ వార్తలోని ఇంటిపేర్లు మారడం లేదు. దేశంలో ప్రమాదం నిలువుగా ఉన్నచోటల్లా, కిందికైనా పైకైనా, పంపడానికి ఒక కులం సిద్ధంగా ఉంటుంది. నిలువు తోట ఆ జాబితాకు మరో పని కలుపుతుంది.

ఎస్టీపీ మాట ఊరికే ఎత్తలేదు. ఈ మేడల్లో మొక్కలకు వాడిన నీళ్లే పెడతామని చెబుతారు. వాడిన నీళ్లు అంటే స్నానాల నీళ్లు, వంటింటి నీళ్లు, శుద్ధి చేసిన మురుగు. ఆ ఫిల్టర్లు మూసుకుపోయినప్పుడు, పైపుల్లో పాచి పట్టినప్పుడు, ట్యాంకులో బురద తేలినప్పుడు బ్రోచర్ పనిచేయదు. ఒక మనిషి రావాలి. ఆ మనిషి మేడలోకి ఏ లిఫ్టులో వస్తాడు?

మూక్‌నాయక్ పత్రిక తొలి సంచికలో, 1920 జనవరి 31న, బాబాసాహెబ్ హిందూ సమాజాన్ని అంతస్తుల మేడతో పోల్చాడు. ఆ మేడకు మెట్లు లేవన్నాడు. ఏ అంతస్తులో పుట్టినవాడు ఆ అంతస్తులోనే చావాలి. వందేళ్లు దాటాయి. మనం మేడకు లిఫ్టులు పెట్టుకున్నాం. ఒకటి యజమానులకు, ఒకటి పనివాళ్లకు. ఇప్పుడు దాని మీద తోట పెడుతున్నాం.

5. మొక్కకు ఫ్లాట్ దొరుకుతుంది

గుర్రం జాషువా 1941లో గబ్బిలం రాశాడు. గుడిలోకి రానివ్వని మనిషి, గుడి కప్పుకు వేలాడే గబ్బిలంతో తన మొర శివుడికి పంపుతాడు. గబ్బిలానికి ఉన్న ప్రవేశం మనిషికి లేదన్నది ఆ కావ్యానికి ఆయువుపట్టు. నేను ప్రతి ఏడూ ఆ పాఠం చెబుతాను, ప్రతి ఏడూ పిల్లల్లో ఎవరో ఒకరు "అప్పటి సంగతి కదా మేడమ్" అంటారు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను అద్దె ఇల్లు వెతుక్కుంటూ ఒక మూడంతస్తుల ఇంటికి వెళ్లాను. ఓనరమ్మ ఎంతో ప్రేమగా డాబా మీదకు తీసుకుపోయింది. టబ్బుల్లో వంకాయ, టమాట, పుదీన, మునగ. ఒక్కో మొక్కను పేరుపెట్టి పిలిచినట్టు చూపించింది. పురుగుమందు లేని కూరగాయలు రోజూ మీకూ ఇస్తానంది. కిందికి దిగుతూ, "మీరు ఏమోళ్లమ్మా?" అని అడిగింది. చెప్పాను. మా బావగారి కొడుకు వస్తానన్నాడు, మాట ఇచ్చేశామని అప్పుడే గుర్తొచ్చింది ఆమెకు. ఆ డాబా మీద వంకాయ మొక్కకు చోటుంది.

నా ఒక్కదానికి జరిగిందని చెప్పడం లేదు. ఢిల్లీ పరిసరాల్లో అద్దె ఇళ్ల మీద సుఖదేవ్ థోరట్, ఆయన సహచరులు చేసిన అధ్యయనం 2015లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చింది. పేరు చూసి ఇల్లు నిరాకరించడం దళితులకు, ముస్లింలకు ఎలా జరుగుతుందో అందులో ఉంది. ఆర్కిటెక్చర్ పిల్లలు బోస్కో వెర్తికాలె పక్కన అది కూడా చదవాలి.

ఇంకో మాట. మన్ను లేకుండా పండించిన ఆకుకూర ప్యాకెట్లను మన దగ్గర ఏమని పొగుడుతారో గమనించండి. శుభ్రమైన ఆహారం. మట్టి అంటనిది. మనిషి చేయి తగలనిది. వేరే దేశంలో ఈ మాటకు క్రిములు లేవని మాత్రమే అర్థం. ఈ దేశంలో చేయి తగలడం అన్న మాటకు రెండు వేల ఏండ్ల చరిత్ర ఉంది. ఎవరి చేయి తగలకూడదో చెప్పకుండానే కొనేవాడికి అర్థమవుతుంది. చెరువు నీళ్లు తాకే హక్కు కోసం 1927లో మహద్‌లో నడిచిన జాతి మనది. చేయి తగలకపోవడాన్ని సుగుణంగా అమ్ముతుంటే మనం ప్యాకెట్ తిప్పి చదవాలి.

6. కలుపు ఎక్కడికి పోయింది

ఈ సంగతంతా నేను అమ్మకు చెప్పాను. మన్ను లేదు, పురుగు లేదు, కలుపు అసలే లేదు అని. ఆమె అంతా విని, "కలుపు లేకుంటే కూరెట్ల బిడ్డా?" అంది.

ఈ ప్రశ్న ఏ సెమినార్‌లోనూ వినలేదు. మా వైపు కలుపు తీసే ఆడవాళ్లు సాయంత్రం కొంగు నిండా కూర తెచ్చుకుంటారు. తుమ్మికూర, గునుగుకూర, జొన్నచెంచలి, పొన్నగంటి, గంగవాయిలి. ఎవరూ విత్తనం వేయరు, ఎవరూ అమ్మరు, పటేలుకు అది పనికిరాని గడ్డి. కూలోళ్ల పిల్లలకు రక్తం పట్టించింది ఆ గడ్డే. మూసిన గదిలో వేసిన మొక్క తప్ప ఇంకేదీ మొలవదు. అక్కడ యజమాని లెక్కలోకి రాని ఆకు ఒక్కటీ ఉండదు. ఏది పంట, ఏది కలుపు అని పేరు పెట్టే అధికారం ఎవరిదో, ఎవరి కడుపు నిండుతుందో అక్కడే తేలిపోతుంది.

అమ్మ అడగనిది ఇంకొకటుంది. కలుపు లేకపోతే కలుపు కూలి కూడా లేదు. ఆ పని పోవడం నాకు ఇష్టమే, ఎవరి నడుమూ అట్లా వంగకూడదు. కానీ ఆ పని పోయిన మనిషికి కొత్త మేడలో ఏ పని ఇస్తారన్నది ముందే రాసి ఉండాలి.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌కు వెళ్లండి. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు ఎర్ర గరప నేలల్లో, ఊరు వద్దని వదిలేసిన చెలకల్లో, ఒక్క ఎకరంలో ఇరవై రకాల దాకా వేస్తారు. పైన జొన్న, దాని పక్కన కంది, కింద పెసర, మినుము, అల్లుకుంటూ అనుము. ఎత్తును బట్టి ఎండను పంచే సేద్యం అది, కరెంటు బిల్లు లేని నిలువు సేద్యం. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ వాళ్లకు వచ్చింది. మన ఆర్కిటెక్చర్ కాలేజీల స్టడీ టూర్ మిలాన్ దాకా పోతుంది, జహీరాబాద్ దాకా రాదు.

7. నగరంలో ఇప్పటికే ఉన్న రైతులు

హైదరాబాద్‌కు నగర సేద్యం కొత్తగా రావడం లేదు. పీర్జాదిగూడ, పర్వతాపూర్, కొర్రెముల వైపు మూసీ మురుగునీళ్లతో ఏండ్ల తరబడి బర్రెల గడ్డి, ఆకుకూరలు పండిస్తున్నారు. 2000ల మొదట్లో ఇంటర్నేషనల్ వాటర్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు వాళ్ల మీద అధ్యయనాలే చేశారు. నగరం వదిలిన కంపును పాలుగా, కూరగా మార్చి నగరానికే ఇస్తున్నవాళ్లు వాళ్లు. ఆ నీళ్లలో ఫ్యాక్టరీల విషం కలవకుండా ఆపాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. ఆ పని చేయకుండా ఆ కూరలు మురికివని వాళ్లనే నిందిస్తారు. 2024లో మూసీ సుందరీకరణ కోసం నది ఒడ్డున బస్తీల ఇళ్లకు ఎర్ర రంగుతో గుర్తులు వేశారు. నది ఒడ్డున ఉన్నవాళ్లను లేపి, అదే ఒడ్డున కట్టబోయే మేడ మీద తోట గీస్తే దాన్ని ఏమనాలి?

కలకత్తా తూర్పున పన్నెండు వేల ఐదు వందల హెక్టార్ల చిత్తడి నేలలున్నాయి. నగరం మురుగు అక్కడి చెరువుల్లోకి పోయి చేపలవుతుంది, పక్కనే కూరగాయలవుతుంది. 2002లో దానికి రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. ఆ వ్యవస్థను తయారుచేసింది ఏ డిగ్రీ లేని బెస్తలు, రైతులు. అమెరికాలో డెట్రాయిట్ నల్లజాతి సోదరులు 2006లో తమ తిండి హక్కు కోసం సంఘం కట్టుకుని, నగర పార్కులో ఏడెకరాల తోట నడుపుతున్నారు. సోవియట్ కూలిపోయి చమురు ఆగిపోయినప్పుడు హవానా నగరం ఖాళీ జాగాలను సాగు చేసుకోమని జనానికి ఇచ్చింది. వీటిలో ఎక్కడా మొదట టెక్నాలజీ రాలేదు. ముందు జాగా ఎవరిదన్న ప్రశ్న తేలింది, మొక్క తర్వాత వచ్చింది.

8. మనం ఏమి అడగాలి

1918లో బాబాసాహెబ్ చిన్న కమతాల మీద ఒక వ్యాసం రాశాడు. కమతం చిన్నదా పెద్దదా అని అందరూ కొట్టుకుంటుంటే, అసలు జబ్బు నేల మీద పడ్డ మిగులు జనం, వాళ్లకు వేరే పని లేకపోవడం అని చూపించాడు. 1947లో స్టేట్స్ అండ్ మైనారిటీస్‌లో ఇంకా ముందుకు వెళ్లి, సేద్యాన్ని ప్రభుత్వ పరిశ్రమ చేయాలని, కులం చూడకుండా ఊరి జనానికి ఉమ్మడిగా సాగుకు ఇవ్వాలని రాశాడు. ఆయన ఏ కాలంలోనూ కొత్త యంత్రానికి భయపడలేదు. యంత్రం ఎవరి చేతిలో ఉందని అడిగాడు. అడ్డంగా ఉన్న నేలకు ఆయన పెట్టిన షరతు నిలువుగా ఉన్న నేలకూ పెట్టాలి.

ఇవీ నా డిమాండ్లు.

ఒకటి. సంగారెడ్డి జిల్లా కొల్లూరులో 117 బ్లాకుల్లో 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు కట్టి 2023 జూన్‌లో ప్రారంభించారు. బస్తీలో ఉన్నప్పుడు పేదలకు గుమ్మం ముందు మునగ చెట్టుండేది, నాలుగు కోళ్లుండేవి, మేక ఉండేది. తొమ్మిదో అంతస్తుకు మార్చగానే అవన్నీ పోయాయి, పని కూడా దూరమైంది. నిలువు సేద్యం నిజంగా అవసరమైన జనం వీళ్లు, ఏ బొమ్మలోనూ లేని జనం కూడా వీళ్లే. ఇలాంటి కాలనీల డాబాలను అక్కడి మహిళా సంఘాలకు రాతపూర్వకంగా లీజుకు ఇవ్వాలి. డాబా ఎంత బరువు మోస్తుందో ఇంజనీర్ లెక్కగట్టి ఇవ్వాలి, చెమ్మ దిగకుండా పూత వేయించాలి, నీళ్ల లైను పైదాకా పెట్టాలి. మిద్దె తోటలకు ఉద్యానశాఖ ఇచ్చిన సబ్సిడీ సొంత డాబా ఉన్నవాళ్లకే అందింది. సొంత డాబా లేనివాళ్లకు హక్కు కావాలి.

రెండు. ఆ ఆకుకూరలు, కూరగాయలు సంక్షేమ హాస్టళ్లు ముందే నిర్ణయించిన ధరకు కొనాలి. హాస్టల్ పిల్లల చేత ఆ పని చేయించకూడదు. మన పిల్లలు అక్కడికి వచ్చింది చదువుకోవడానికి.

మూడు. పచ్చ భవనం అని గుర్తింపు తెచ్చుకుని రాయితీలు పొందే ప్రతి మేడా, తన గోడలు, ట్యాంకులు చూసే పనివాళ్లకు నేరుగా ఉద్యోగం ఇవ్వాలి. కాంట్రాక్టరు చాటున దాక్కోకూడదు. తాడు పనికి శిక్షణ, బీమా ఉండాలి. ట్యాంకులోకి మనిషి దిగితే ఆ గుర్తింపు ఆ రోజే రద్దు కావాలి.

నాలుగు. సోలార్ కోసం అసైన్డ్ భూమి కావాలంటే వెనక్కి గుంజుకోవద్దు. పట్టాదారు పేరు అట్లనే ఉంచి లీజు కట్టాలి, ఏటా కట్టాలి.

ఐదు. మూసీ ఒడ్డున సాగు చేస్తున్నవాళ్లను నగర ప్రణాళికలో రైతులుగా రాయాలి.

ఆర్కిటెక్చర్ చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. మీరు మేడను నిలువునా కోసి చూపిస్తూ సెక్షన్ డ్రాయింగ్ వేస్తారు. చెట్లు వేస్తారు, సోఫాలో కూర్చున్న మనుషులను వేస్తారు. ఈసారి తోటమాలిని కూడా వేయండి. ఆమె ఏ గేటు నుంచి లోపలికి వచ్చిందో, ఏ లిఫ్టు ఎక్కిందో, ఎక్కడ నీళ్లు తాగిందో, మూత్రానికి ఎక్కడికి పోయిందో, మధ్యాహ్నం అన్నం ఎక్కడ కూర్చుని తిన్నదో, రాత్రికి ఆ మేడలో ఆమెకు ఇల్లుందో లేదో అదే డ్రాయింగ్‌లో చూపించండి. చూపించడానికి చోటు దొరకకపోతే లోపం మీ పెన్సిల్‌లో లేదు, ఆ మేడలో ఉంది. జ్యూరీ ముందు ఆ మాట గట్టిగా చెప్పండి. మార్కులు తగ్గితే నాకు ఫోన్ చేయండి.

హాస్టళ్లలో ఉన్న మిత్రులు ఈ పదిహేను రోజుల్లో ఒక పని చేయండి. మీ హాస్టల్ డాబా ఎన్ని గజాలుందో కొలవండి. పైదాకా నీళ్లొస్తాయో లేదో చూడండి. మెస్‌కు రోజూ ఎన్ని కిలోల ఆకుకూర వస్తోందో, కిలోకు ఎంత కడుతున్నారో, ఎవరి దగ్గర కొంటున్నారో రాసి నాకు పంపండి. మన లెక్క మన దగ్గరుంటే రెండో డిమాండ్ పట్టుకుని అధికారుల ముందు కూర్చోవచ్చు.

వచ్చే భాగంలో అపార్ట్‌మెంట్ ఎస్టీపీలు, 2013 చట్టం, పరిహారం కోసం కుటుంబాలు ఏ కాగితాలు పెట్టుకోవాలన్నది వివరంగా రాస్తాను.

జై భీమ్.